అనసూయ చూపుడు వేలు

కొత్త జిల్లాలు ఏర్పడి కొన్నేళ్ళు గడిచాక, కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది, నన్ను వనపర్తికి రేడియాలజిస్టుగా బదిలీ చేశారు. అప్పటికి నా హోదా సివిల్ సర్జన్. ప్రభుత్వ వైద్యంలో అసిస్టెంట్ సర్జన్, డిప్యూటీ సివిల్ సర్జన్ అనే మెట్లు దాటాక వచ్చే హోదా అది. పేరులో సర్జన్ ఉన్నా నేను కత్తి పట్టిన మనిషిని కాను. ఎక్స్‌రేలు, సీటీ చిత్రాలు చదివి నివేదిక రాయడం, అల్ట్రాసౌండ్ స్వయంగా చేయడం నా పని. వారంలో ఒక రోజు నాగర్‌కర్నూల్‌కు, ఒక రోజు గద్వాలకు డిప్యుటేషన్ మీద వెళ్ళేదాన్ని. డిప్యుటేషన్ అంటే జీతం ఒకచోట, పని ఇంకోచోట.

స్కానింగ్ గది అనగానే జనానికి గర్భిణులు గుర్తుకొస్తారు. మా గది బయట బెంచీల మీద పొద్దున్నే కూర్చునేదీ వాళ్ళే. తర్వాత కడుపునొప్పులు, కిడ్నీలో రాళ్ళు, థైరాయిడ్ గడ్డలు. చేతిని స్కాన్ చేయమని చీటీ రావడం అరుదు. వచ్చినవి దాదాపు అన్నీ ఒకే తీరు. గడ్డి కోసే మిషన్‌లో చేయి పడ్డ బిజినేపల్లి రైతు, వరికోతలో కొడవలి జారిన కూలీ, అద్దం పగిలి కోసుకున్న ఆటో డ్రైవరు. వీళ్ళకు ఆపరేషన్ అయి ఉంటుంది, పైన గాయం మానిపోయి ఉంటుంది, వేలు మాత్రం వంగదు. ఎందుకు వంగడం లేదో చూడమని ఎముకల డాక్టర్లు నా దగ్గరికి పంపేవారు.

ముంజేతి కండరం నుంచి వేలి చివరి ఎముక దాకా తెల్లటి తాడులాంటిది ఒకటి పోతుంది, మధ్య ఎముక దాకా దానికి తోడు ఇంకొకటి. మేము టెండన్ అంటాం. జనం దాన్నీ నరం అనే అంటారు, అందుకే 'నరం తెగింది' అని ఎవరు చెప్పినా ఏది తెగిందో మళ్ళీ అడగాల్సి వస్తుంది. కండరం లాగితే ఆ తాడు ఒక సన్నని గొట్టంలో జారుతుంది, వేలు వంగుతుంది. తెగితే రెండు కొసలూ కలిపి కుడతారు. కుట్టాక కూడా వేలు వంగకపోతే ముఖ్యంగా రెండు కారణాలు చూస్తాం. కుట్టు నిలిచి, తాడు చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోయి ఉండవచ్చు. లేదా కుట్టే విడిపోయి కొసలు దూరమై ఉండవచ్చు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. అతుక్కుంటే నెలల తరబడి వ్యాయామం చేయించి, అప్పటికీ కాకపోతే ఆపరేషన్ చేసి విడదీస్తారు. తెగితే వ్యాయామం వల్ల లాభం లేదు. ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు, ఎందుకంటే ముంజేతి వైపున్న పై కొస అరచేతిలోకి వెనక్కి లాక్కుపోతుంది, ఖాళీ అయిన గొట్టం ముడుచుకుపోతుంది. ఆ తర్వాత నేరుగా కుట్టడం కుదరదు.

ఆ ఏడాది వానాకాలం చివర్లో గద్వాల నుంచి భార్యాభర్తలు ఇద్దరు ఇలాంటి చీటీతో వచ్చారు. నేను గద్వాలకు పోయే రోజు దాకా ఆగకుండా, అక్కడి ఎముకల డాక్టరు గారు ఫోన్ చేసి మరీ వనపర్తికి పంపారు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి వచ్చామన్నారు. భర్త పేరు రాఘవేందర్, భార్య అనసూయ. ఇద్దరూ నేతపనివాళ్ళు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఆ నూలునూ పట్టునూ పోగుపోగుకూ కలిపే చోట మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. వీళ్ళింట్లో ఒక పక్క ఆయన, ఒక పక్క ఆమె కూర్చునేవాళ్ళు. గాజు గ్లాసు కడుగుతుంటే పగిలి, ఆమె కుడి చూపుడు వేలు మొదట్లో లోతుగా తెగింది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెండన్ కుట్టారు. కుట్టి రెండు నెలలు దాటింది. మగ్గం అప్పటినుంచి ఆగే ఉంది.

ఆమె మాట్లాడకముందే ఆయన మాట్లాడాడు. "రోజు పొద్దుగాల, మాపటికి, వేడినీళ్ళల్ల పెట్టి నేనే వంచుత మేడం. ఒక్క పూట గూడ ఇడిసిపెట్టలే. ఈమెకే జర భయం. నొప్పని గుంజుకుంటది."

అనసూయ నవ్వినట్టు ముఖం పెట్టి, "చెయ్యికి గూడ స్కానింగ్ ఉంటదా మేడం?" అని అడిగింది.

ఉంటుందని చెప్పి, ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్ళు తెప్పించాను. వేలు సన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రోబ్‌ను, అంటే చేత్తో పట్టుకునే స్కానింగ్ పరికరాన్ని, నేరుగా ఆనిస్తే చర్మం నొక్కుకుపోయి చిత్రం చెడుతుంది. చేతిని నీళ్ళలో ఉంచి ప్రోబ్‌ను కొంచెం ఎడంగా పట్టుకుంటే, నీళ్ళ గుండా వేలు లోపలి భాగం స్పష్టంగా వస్తుంది, రోగికి నొప్పీ ఉండదు. ముందు ఎడమ చేతి చూపుడు వేలు చూశాను. బాగున్న వేలు ఎలా ఉందో చూడకుండా బాగాలేని వేలి గురించి తీర్పు చెప్పకూడదు. టెండన్ స్కానింగులో ఒక మోసం ఉంది. ప్రోబ్ కొద్దిగా వాలినా, నిక్షేపంగా ఉన్న టెండన్ కూడా నల్లబడి తెగినట్టే కనిపిస్తుంది. అందుకని వాలును మార్చి మార్చి చూసుకోవాలి.

ఎడమ వేలు వంచమంటే తెల్లని గీతల కట్ట ఒకటి తెర మీద ముందుకూ వెనక్కూ జారింది. కుడి వేలి దగ్గర ఆ కట్ట లేదు. వేలి మధ్య ఎముక మీద ఒక మొండి కొస, దాని పక్కన కుట్టు దారం తాలూకు మెరిసే చుక్కలు. అక్కడినుంచి అరచేయి వైపు ప్రోబ్ జరుపుకుంటూ పోయాను. గొట్టం ఉండాల్సిన చోట పలచని మచ్చ తప్ప ఏమీ లేదు. రెండో కొస అరచేతి మధ్యలో దొరికింది. ఆమెను వేలు వంచడానికి ప్రయత్నించమన్నాను. అరచేతిలోని కొస కదిలింది. వేలిలోని కొస కదల్లేదు.

రాఘవేందర్ తెర వైపే చూస్తున్నాడు. ఆ చిత్రాలు చదవడం తెలియకపోయినా, ఎడమచేతిలో కదిలింది కుడిచేతిలో కదలడం లేదని ఆయనకు అర్థమైంది.

"తెగిందా మేడం?"

"కుట్టు విడిపోయింది," అన్నాను.

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "పోయిన వారం గట్టిగ వంచుతుంటే లోపట టక్కుమన్నది. ఈమె గావుకేక పెట్టింది. అప్పటిసంది నేను ముట్టలే. నా చేతులనే తెగింది గద?"

జవాబు చెప్పే ముందు నేను మళ్ళీ చూశాను. వారం కిందట తెగినది ఒక రకంగా ఉంటుంది. కొసలు చీలికలుగా ఉంటాయి, చుట్టూ రక్తమో నీరో నల్లగా కనిపిస్తుంది. ఇక్కడ రెండు కొసలూ గుండ్రంగా మొద్దుబారి ఉన్నాయి. నీరు లేదు. మధ్యలో మచ్చ గట్టిపడింది. అల్ట్రాసౌండ్ తారీఖు చెప్పదు, కాని ఇది వారం నాటిది కాదనే మాట మాత్రం చెప్పగలదు. ఆయన విన్న శబ్దం బహుశా మచ్చ కొంత విడిపోయిన శబ్దం.

అలాగైతే ఈ వేలు చాలా ముందే వంగడం మానేసి ఉండాలి. ఆ సంగతి తెలియాల్సింది వేలున్న మనిషికి. నేను అనసూయ ముఖం చూశాను. ఆమె టబ్బులోని నీళ్ళు చూస్తోంది. పొద్దున తీసిన ఎక్స్‌రే ఫిల్ము తెమ్మని రాఘవేందర్‌ను పక్క గదికి పంపాను. ఫిల్ము నాకు ఎలాగూ కావాల్సిందే.

"ఆపరేషన్ అయినాక ఈ వేలు ఎప్పుడైనా వంగిందా అమ్మా?" అని అడిగాను.

"వంగింది మేడం. కట్టు మార్చేటప్పుడు జర జర వంగేది."

"మరి ఎప్పుడు ఆగింది?"

ఆమె తలుపు వైపు చూసి చెప్పింది. ఇంట్లో అత్తగారికి పక్షవాతం, ఒక పక్క పడిపోయింది. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు, రాఘవేందర్ జరీ తేవడానికి పోయిన పూట, అత్తకు నీళ్ళు పోయడానికని అనసూయ చేతికున్న స్ప్లింట్ తీసి పక్కన పెట్టింది. స్ప్లింట్ అంటే కుట్టు మీద బరువు పడకుండా మణికట్టునూ వేళ్ళనూ వంచి పట్టి ఉంచే గట్టి పట్టీ. బాత్రూంలో ముసలమ్మ జారింది.

"తల బండకు తాకుతది అనుకున్న. రెండు చేతులేసి పట్టుకోని లేపిన. అరచేతిల పుటుక్కుమన్నది. అప్పటిసంది ఆ ఏలు నా మాట ఇనలే."

"డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"డాక్టరుకు చెప్తే మా ఆయనకు తెలుస్తది. ఆయనకు తెలిస్తే అత్తకు తెలుస్తది. నాకు మగ్గం నేర్పింది ఆమెనే మేడం. తన వల్లనే మగ్గం ఆగిందని తెలిస్తే బువ్వ ముట్టది. ఆమె సంగతి నాకు ఎరుక."

"మరి మీ ఆయన రోజూ వంచుతుంటే ఊరుకున్నావా? ఎంత నొప్పి పెట్టి ఉంటుంది?"

"వద్దంటే ఎందుకని అడుగుతడు గద."

నేను ఆమెకు రెండు సంగతులు చెప్పాను. ఇది ఎప్పుడు ఎలా విడిపోయిందో సర్జన్‌కు తెలియాలి, ఎందుకంటే చేయబోయే ఆపరేషన్ దాన్నిబట్టి మారుతుంది. కాబట్టి సర్జన్‌కు చెప్తాను. ఆమె భర్తకు చెప్పాలా వద్దా అన్న నిర్ణయం నాది కాదు, ఆమెది. అయితే ఆయన నన్ను మళ్ళీ అడిగితే, తెర మీద చూసినంత వరకు నిజమే చెప్తాను. ఆమె తల ఊపింది. ఒప్పుకుందో, వినిపించిందని ఊపిందో నాకు తెలియదు.

రాఘవేందర్ ఫిల్ము తెచ్చి నా బల్ల మీద పెట్టి, కూర్చోకుండా మళ్ళీ అదే అడిగాడు. ఈ తెగుడు వారం నాటిది కాదని, చాలా ముందుదని, ఆయన వంచడం వల్ల విడిపోయినట్టు చిత్రంలో ఏమీ లేదని చెప్పాను.

"మరి ఎట్ల తెగింది?"

"అది ఈ మిషన్ చెప్పదు," అన్నాను.

అనసూయ చేతికున్న తడి చీర కొంగుకు తుడుచుకుంటూ, ఆయన వైపు తిరగకుండానే చెప్పింది. "మీ అమ్మ బాత్రూంల పడ్డనాడు లేపిన. గప్పుడు తెగింది."

ఆయన కోప్పడతాడని నేను అనుకున్నాను. కోప్పడలేదు. గోడకు ఆనుకున్నాడు. "ఇన్నొద్దులు నాతోని ఎందుకు వంచిచ్చుకున్నవు?" అని మాత్రం అడిగాడు. బయట బెంచీ మీద వాళ్ళు పిలుస్తున్నారని ఆయా వచ్చి చెప్పింది. ఇద్దరూ బయటికి వెళ్ళారు.

నివేదికలో నేను రాసింది ఇది: కుడి చూపుడు వేలిని వంచే రెండు టెండన్లలోనూ కుట్టు విడిపోయింది, పై కొసలు అరచేతి మధ్యకు లాక్కుపోయాయి, మధ్యలో పాత మచ్చ ఉంది, తాజా రక్తస్రావం లక్షణాలు లేవు. ఎవరు, ఎందుకు అన్నవి రేడియాలజీ నివేదికలో రాసే సంగతులు కావు. కుట్టు విడిపోయిన సందర్భం గురించి రోగి చెప్పింది మాత్రం గద్వాల డాక్టరుకు ఫోన్‌లో చెప్పాను. ఎంఆర్ఐ కూడా తీయించమంటారా అని ఆయన అడిగారు. కొసలు ఎక్కడున్నాయో తెలిసింది, కదలికా చూశాం, ఎంఆర్ఐ ఇంతకంటే చెప్పేది తక్కువ, ఆలస్యం ఎక్కువ అన్నాను. ఆయన, "విడిపోయిన ఆ వారంలో వచ్చుంటే మళ్ళీ కుట్టేవాళ్ళం మేడం," అన్నారు. అది ఇద్దరికీ తెలిసిన మాటే.

హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి పంపారు. ఆలస్యంగా తెలిసిన తెగుడుకు రెండు విడతల ఆపరేషన్ చేస్తారు. మొదటి విడతలో పాత టెండన్ తీసేసి, దాని దారిలో సిలికాన్ కడ్డీ ఒకటి పెడతారు. దాని చుట్టూ కొత్త గొట్టం తయారుకావడానికి కొన్ని నెలలు ఆగుతారు. రెండో విడతలో కడ్డీ లాగేసి, మణికట్టు దగ్గర నుంచి తీసిన వేరే టెండన్‌ను ఆ దారిలో వేసి కుడతారు. ఆ తర్వాత మళ్ళీ స్ప్లింట్, మళ్ళీ వ్యాయామం.

మరుసటి ఎండాకాలం అనసూయ నా గదికి మళ్ళీ వచ్చింది. రెండో విడత కూడా అయిపోయింది. కొత్త టెండన్ ఎలా ఉందో చూడమని చీటీ. ఈసారి ఒక్కతే వచ్చింది. నీళ్ళ టబ్బు తెప్పించి చెయ్యి పెట్టించాను. అరచేతి నుంచి వేలి కొన దాకా టెండన్ అఖండంగా ఉంది. వంచమంటే కొంచెం జారింది, తర్వాత ఆగిపోయింది. మధ్య కణుపు దగ్గర అతుక్కుంది. వేలు సగం వంగుతోంది. వేలి కొన బొటనవేలి కొనను అందుకోవడం లేదు. మగ్గం మీద తెగిన పోగును పట్టుకుని ముడివేయాలంటే ఆ రెండు వేళ్ళ కొనలూ కలవాలి.

"మీ అత్త ఎలా ఉంది?" అని అడిగాను.

"శివరాత్రి ముందట పోయింది మేడం."

నేను ప్రోబ్ ఆపాను. ఆమె చేయి నీళ్ళలోనే ఉంచి చెప్పింది. "ఆయన అబద్ధం ఆడలేడు. మల్ల పట్నం దవాఖానకు ఎందుకు పోతున్నరు, ఏలు బాగైతుందంటిరి గదా అని అత్త అడిగింది. ఆయన చెప్పిండు. ఏం అనలే ఆమె. ఆ దినంసంది నన్ను ముట్టనియ్యలే. లేపబోతే చెయ్యి ఎనక్కి గుంజుకునేది. లేవాల్సొస్తదని నీళ్ళు తాగుడు బంజేసింది. పొద్దందాక ఒక్క గలాస తాగితే గొప్ప. ఈపు పుండ్లు పడ్డయి. నేను పట్నం దవాఖానల ఉన్నప్పుడు ఆయన ఒక్కడే చూసుకున్నడు."

పక్షవాతంతో మంచంలో ఉన్న వృద్ధురాలి మరణానికి ఒకే కారణం ఇదని ఏ డాక్టరూ రాయలేడు. నేనూ ఆమెకు ఆ మాటే చెప్పాను. ఆమె విన్నది, కాని ఆ ఓదార్పు కోసం చెప్పినట్టు లేదు ఆమె.

"చెప్పకుంటే ఆయన తనే తెంపిన అనుకుంటుండె. చెప్తే అత్త పోయింది. మీరు చెప్పుండ్రి మేడం, ఏది చెయ్యాలె ఉండె?"

టెండన్ తెగలేదని, అతుక్కుందని, ఇంకొన్ని నెలలు వ్యాయామం చేయాలని చెప్పి, వంచేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో ఆమె వేలి మీదే చూపించాను. ఇంట్లో ఎవరు వంచుతారని అడిగితే, తానే ఎడమ చేత్తో వంచుకుంటానంది. ఆయన ముట్టడట. మగ్గం ఇంట్లోనే ఉంది, నేసేవాళ్ళు లేరు. రాఘవేందర్ ఇంకొకరి మగ్గం మీదికి కూలికి పోతున్నాడు.

తర్వాత ఆమెను నేను చూడలేదు. గద్వాల డాక్టరు గారిని ఒకసారి అడిగితే, అతుకును విడదీసే ఆపరేషన్ చేద్దామని హైదరాబాద్‌లో అన్నారని, ఆమె ఇక చాలందని చెప్పారు.

నేను పదవీ విరమణ చేసేదాకా టెండన్ కేసులు ఇంకా చాలా వచ్చాయి. అనసూయ తర్వాత ఆ స్కానింగ్ చేసే పద్ధతిలో ఒకటి మార్చుకున్నాను. అంతకుముందు రోగి రాగానే ప్రోబ్ పట్టేదాన్ని, ప్రశ్నలు పని మధ్యలో అడిగేదాన్ని, తోడు వచ్చినవాళ్ళు పక్కనే ఉండేవాళ్ళు. ఆ తర్వాత తోడు వచ్చినవాళ్ళను ముందే బయట కూర్చోబెట్టేదాన్ని. నీళ్ళ టబ్బు తెప్పించకముందే రోగిని ఒంటరిగా రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: ఆపరేషన్ తర్వాత ఈ వేలు ఎప్పుడైనా వంగిందా, వంగితే ఏ రోజు ఆగింది. నా కింద పనిచేసిన జూనియర్లకూ అదే నేర్పాను. కొసల మధ్య ఎంత దూరముందో మిషన్ చెప్తుంది. ఆ దూరం ఎప్పటిదో చాలాసార్లు రోగికి ముందే తెలిసి ఉంటుంది, చెప్పకపోవడానికి కారణం కూడా ఇంట్లోనే ఉంటుంది. అది ముందే బయటపడితే కొన్ని వేళ్ళు దక్కుతాయి. బయటపడ్డాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందన్నది మా వృత్తి పరిధిలో లేదు, దాన్ని ఆపే పద్ధతి కూడా నాకు దొరకలేదు.